చిగుళ్లకు అంటు కట్టాక అంగిలి పుండు మానేదెలా: స్టెంటా, జిగురా, పీఆర్‌ఎఫా?

పంటి దగ్గర చిగురు కిందికి జారిపోతే, నోటిలోనే ఇంకో చోటి నుంచి చిన్న ముక్క తెచ్చి అక్కడ కుడతారు. మామిడికి అంటు కట్టినట్టే. ఆ ముక్క ఎక్కువగా అంగిలి నుంచే వస్తుంది. అంటు కట్టిన చోటు గురించి డాక్టరు పది జాగ్రత్తలు చెబుతారు. ముక్క కోసిన చోటు గురించి మాత్రం రెండు మాటల్లో ముగిస్తారు. ఇంటికి వచ్చాక ఎక్కువ బాధ పెట్టేది ఆ రెండోదే.

నాకు ఈ ఆపరేషన్ రెండుసార్లు జరిగింది. మొదటిసారి అంగిలికి ఎడమవైపు కోశారు, రెండోసారి కుడివైపు. రెండుసార్లూ గాయం ఇంచుమించు ఒకే కొలత. మొదటిసారి దాని మీద జెలటిన్ స్పాంజి పెట్టి, పైనుంచి అడ్డదిడ్డంగా దారం కుట్టి పంపించారు. మూడో రోజు పొద్దుటికి స్పాంజి కరిగిపోయింది. ఆ పూట తిన్నది మెత్తని ఇడ్లీయే. కానీ చట్నీలోని పచ్చిమిరప గింజ ఒకటి సరిగ్గా ఆ పచ్చిపుండు మీదికి వెళ్లి కూర్చుంది. పళ్లెం ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నాను. రెండోసారి ముందుగానే అచ్చు తీసి చేయించిన పారదర్శకమైన ప్లేటును అంగిలికి తగిలించి పంపారు. ఆ సాయంత్రమే నింపాదిగా పెరుగన్నం తిన్నాను. రెండు ఆపరేషన్లూ చేసింది ఒకే డాక్టరు. మొదటిసారి ప్లేటు సంగతి ఆయన చెప్పలేదు, నాకు అడగాలని తెలియదు.

అందుకే ఈ పోలిక. ఇందులోని ఎంపికల్లో చాలావాటిని ఆపరేషన్‌కు ముందే తేల్చుకోవాలి. తర్వాత మందుల దుకాణానికి వెళ్లి అడిగితే దొరికేవి కావు.

## ముందు చూసుకోవలసినవి

అన్నిటికన్నా ముందు, గాయం తెరిచి ఉంటుందా, కుట్లతో మూసేస్తారా అన్నది తెలుసుకోండి. పైపొరతో సహా ముక్క కోస్తే అక్కడ పచ్చిమాంసం బయటపడుతుంది. చుట్టూ ఉన్న అంచుల నుంచి కొత్త పొర పాకుతూ వచ్చి దాన్ని కప్పాలి. అది రోజుకు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వరకే కదులుతుంది. పూర్తిగా మూసుకోవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టేది అందుకే. ఇక్కడ పొడవు కన్నా వెడల్పు ముఖ్యం: సన్నగా పొడుగ్గా ఉన్న గాయంలో ఎదురెదురు అంచులు త్వరగా కలుసుకుంటాయి. లోతు సంగతి వేరు. ముక్క మందం సాధారణంగా ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉంటుంది. అంతకన్నా లోతుగా కోసి, ఎముక మీద కొద్దిపాటి కండే మిగిలితే నొప్పి పెరుగుతుంది.

రెండోది రక్తస్రావం. అంగిలిలో దంతాల వరుసకు సమాంతరంగా ఒక రక్తనాళం నడుస్తుంది. అంగిలి ఎత్తు లేకుండా చదునుగా ఉన్నవారిలో అది పంటి మెడకు, అంటే చిగురు దగ్గరి పంటి భాగానికి, సుమారు 7 మిల్లీమీటర్ల దూరంలోనే ఉంటుంది. మధ్యరకం అంగిలిలో 12, గోపురంలా ఎత్తుగా ఉన్న అంగిలిలో 17 మిల్లీమీటర్ల దాకా దూరం ఉంటుంది. చదునైన అంగిలి ఉంటే కోయడానికి చోటు తక్కువ, గాయాన్ని కాపాడుకోవలసిన అవసరం ఎక్కువ. మీది ఏ రకమో డాక్టరు అద్దం పెట్టి చూసి నిమిషంలో చెప్పగలరు.

తర్వాతివి మన సొంత పరిస్థితులు. రక్తం పలచబడే మందులు వాడుతున్నారా? రోజంతా మాట్లాడే ఉద్యోగమా? అర్ధరాత్రి రక్తం కారితే ఆసుపత్రి ఎంత దూరం? గాయం మీద వేసే పదార్థం జంతువు నుంచి వచ్చినదైతే మీకు అభ్యంతరమా? ఈ చివరి ప్రశ్న మన దగ్గర చాలామందికి ముఖ్యమైనదే. కానీ అడిగితే తప్ప ఎవరూ చెప్పరు.

## అసలు ముక్క ఎక్కడి నుంచి తీస్తారు?

గాయం మీద ఏమి కప్పాలి అనే చర్చ కన్నా ఇది పెద్ద ఎంపిక. మూడు దారులున్నాయి.

పైపొరతో సహా ముక్క కోసే పద్ధతి 1960ల నుంచి ఉంది. కింది ముందుపళ్ల దగ్గర, పంటిని అంటిపెట్టుకుని కదలకుండా ఉండే గట్టి చిగురు బొత్తిగా లేనివారికి ఇప్పటికీ ఎక్కువగా దీన్నే ఎంచుకుంటారు. అంగిలికి కష్టమైన పద్ధతీ ఇదే, ఎందుకంటే గాయం తెరిచే ఉంటుంది.

రెండోది పైపొరను తలుపులా తెరిచి, లోపలి పొరను మాత్రం తీసి, తలుపు మూసి కుట్టే పద్ధతి. బయటపడిన పంటి వేరును కప్పడానికి దీన్ని ఎక్కువగా వాడతారు. అంగిలి మీద మిగిలేది ఒక గీత, ఒకటి రెండు వారాల్లో మానుతుంది. వినడానికి అన్నివిధాలా మేలుగా ఉంది కదా? ఒక మెలిక ఉంది. ఆ తలుపు మరీ పలచగా వస్తే రక్తప్రసరణ అందక నల్లబడి ఊడిపోవచ్చు. అప్పుడు అది కూడా తెరిచిన గాయమే, పైగా ఎదురుచూడని గాయం. అంగిలి మందం తక్కువగా ఉన్నవారికి డాక్టరు ఈ పద్ధతి వద్దంటే కారణం ఇదే కావచ్చు.

మూడోది అంగిలి జోలికే వెళ్లకుండా తయారుగా దొరికే పొరను కుట్టడం. వీటిలో కొన్ని శుద్ధి చేసిన మానవ చర్మం నుంచి, కొన్ని పంది నుంచి తీసే కొల్లాజెన్ అనే ప్రొటీన్‌తో తయారవుతాయి. అంగిలికి గాయమే ఉండదు, కాబట్టి మిగతా వ్యాసం మీకు అక్కరలేదు. కానీ ఖర్చు బాగా పెరుగుతుంది. గట్టి చిగురు వెడల్పు పెంచడంలో మన ముక్కకు ఉన్నంత నమ్మకం వీటికి లేదు. వేరు కప్పడానికైతే, చాలా పళ్లకు ఒకేసారి చేయవలసి వచ్చి అంగిలి నుంచి అంత ముక్క తీయలేనప్పుడు వీటికి విలువ ఉంది.

## గాయం మీద ఏమి కప్పాలి?

అంగిలి ప్లేటు. డాక్టర్లు దీన్ని స్టెంట్ అంటారు. ఆ మాట వినగానే గుండె గుర్తొచ్చి మా అమ్మ కంగారు పడింది. దానికీ దీనికీ సంబంధం లేదు. ఇది పై పళ్లకు తగులుకుని అంగిలిని కప్పే పలచని ప్లేటు. ఆపరేషన్‌కు కొన్ని రోజుల ముందు పై పళ్ల అచ్చు తీసి ల్యాబుకు పంపుతారు. పారదర్శకమైన షీటుతో చేసినది పలచగా ఉంటుంది, అక్రిలిక్‌తో చేసినది కొంచెం మందంగా, గట్టిగా ఉంటుంది. పళ్లకు క్లిప్పులు పెట్టించుకున్న రోజుల నాటి పాత రిటైనర్ గానీ, పై కట్టుడు పళ్ల సెట్టు గానీ మీ దగ్గర ఉంటే తీసుకెళ్లి చూపించండి. అంగిలిని కప్పే రకమైతే దాన్నే సవరించి వాడవచ్చు.

ఈ ప్లేటు మాన్పేది ఏమీ లేదు. అడ్డుగోడలా నిలబడుతుంది, అంతే. అన్నం మెతుకు తగలదు, నాలుక తగలదు, రక్తపు గడ్డ కదలదు. నాలుకను తక్కువ అంచనా వేయకండి. నోటిలో కొత్తగా ఏది కనిపించినా అది రోజుకు వెయ్యిసార్లు వెళ్లి తడుముతుంది, మనం వద్దనుకున్నా ఆగదు. మొదటిసారి నన్ను తిండి కన్నా నా నాలుకే ఎక్కువ ఏడిపించింది.

ఇబ్బందులు లేకపోలేదు. మొదటి రోజు లాలాజలం ఊరుతూనే ఉంటుంది. మాట మందపడుతుంది. ట, ణ, ళ పలకడానికి నాలుక అంగిలినే తాకాలి, అక్కడ ప్లేటు ఉంటుంది. ‘పళ్లు’ అని సరిగ్గా అనడానికి నాకు రెండు రోజులు పట్టింది. ప్లేటు అంచు చిగురుకు ఒరుసుకుంటే ఓర్చుకోకుండా వెళ్లి ఆ అంచును అరగదీయించుకోండి. మొదటి ఇరవై నాలుగు గంటలు డాక్టరు తీయవద్దంటే తీయకండి, ఎందుకంటే గడ్డ దానితోపాటే ఊడి వస్తుంది. ఆ తర్వాత భోజనమయ్యాక తీసి చల్లని నీళ్లతో కడగాలి. శుభ్రం అనుకుని వేడినీళ్లలో వేస్తే షీటు వంకర పోతుంది, మళ్లీ పళ్లకు పట్టదు.

వైద్య జిగురు. గాయం మీద చుక్కలుగా వేస్తే క్షణాల్లో గట్టిపడి పొరలా నిలిచే సయనోఅక్రిలేట్ జిగురు ఇది. అచ్చు తీయనవసరం లేదు, కుట్లు తగ్గుతాయి, ఆపరేషన్ సమయం కలిసివస్తుంది, జంతు పదార్థం లేదు. సుమారు వారం రోజుల్లో పెచ్చులుగా దానంతట అదే ఊడిపోతుంది. ఊడేదాకా అంచులు గరుకుగా నాలుకకు తగులుతాయి, పీకబుద్ధి అవుతుంది, పీకకూడదు. రక్తం ఉబుకుతున్న తడి గాయం మీద ఇది నిలవదు, ముందు గాయాన్ని ఆరబెట్టాలి. నాలుగో రోజే ఊడిపోతే మళ్లీ వేయించుకోవడానికి వెళ్లవలసి రావచ్చు. ఇంట్లో చెప్పులు అతికించే జిగురు కూడా ఇదే కుటుంబం కదా అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. దాని రసాయనం వేరు, గట్టిపడేటప్పుడు పుట్టే వేడి కణజాలాన్ని కాలుస్తుంది.

పీఆర్‌ఎఫ్. అంటే మన రక్తం నుంచే తీసిన ఫైబ్రిన్ పొర. రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ప్రొటీనే ఫైబ్రిన్. ఫ్రాన్సులో 2001లో జోసెఫ్ షుక్రున్ బృందం పరిచయం చేసిన పద్ధతి. చేతి నుంచి 10 మిల్లీలీటర్ల గొట్టాల్లో రక్తం తీసి, ఏ మందూ కలపకుండా వెంటనే పది పన్నెండు నిమిషాలు యంత్రంలో తిప్పుతారు. మధ్యలో పసుపు రంగు గడ్డ ఏర్పడుతుంది. దాన్ని నొక్కితే మెత్తని పొర వస్తుంది, మీగడ తరకలాగే ఉంటుంది. దాన్ని గాయం మీద పరిచి కుడతారు. అందులోని ప్లేట్‌లెట్లు గాయం మానడానికి తోడ్పడే పదార్థాలను కొన్ని రోజులపాటు విడుదల చేస్తాయి. ఏమీ కప్పకుండా వదిలేసిన గాయంతో పోల్చి చూసిన అధ్యయనాలు చాలావరకు దీనివల్ల నొప్పి తగ్గిందని, పొర త్వరగా కప్పుకుందని చెబుతున్నాయి. ప్లేటులా అడ్డుగా నిలవడం కాకుండా, మానడాన్నే వేగిరపరచవచ్చని చెప్పదగ్గది ఇది. కానీ ఈ పొర మెత్తనిది. జంతిక ముక్క గుచ్చుకుంటే ఆపలేదు.

కరిగే స్పాంజీలు. కొల్లాజెన్, జెలటిన్, ఆక్సిడైజ్డ్ సెల్యులోజ్ ఈ కోవలోవి. రక్తం ఆగడానికి మంచివి, కొన్ని రోజుల్లో కరుగుతాయి, చాలా క్లినిక్కుల్లో సిద్ధంగా ఉంటాయి. కొల్లాజెన్ పశువు నుంచో, పంది నుంచో, చేప నుంచో రావచ్చు. జెలటిన్ ఎక్కువగా పంది చర్మం నుంచి వస్తుంది. సెల్యులోజ్ మొక్కల నుంచి వచ్చేది. శాకాహారులు పేరు అడిగి ఊరుకోకుండా, పొట్లం మీద ఏమి రాసుందో చూపించమనండి. మొదటి రెండు రోజులు దాటాక గాయానికి వీటివల్ల రక్షణ పెద్దగా ఉండదు. ఇది నాకు పచ్చిమిరప గింజ నేర్పిన పాఠం.

పేస్టులా మెత్తే ప్యాక్. పళ్ల సందుల్లో ఇరుక్కుంటే నిలుస్తుంది. చదునైన అంగిలి మీద దానికి పట్టు దొరకదు. వేరే ఏదీ లేనప్పుడు చూడవచ్చు.

తక్కువ శక్తి లేజరు, హయలురోనిక్ ఆమ్లం జెల్లు కూడా కొన్నిచోట్ల ఇస్తున్నారు. జెల్ వాడినవారిలో నొప్పి తగ్గిందన్న ఫలితాలు ఉన్నాయి. లేజరు ఫలితాలు ఒక్కో చోట ఒక్కోలా వచ్చాయి, పైగా దానికోసం నాలుగైదుసార్లు తిరగాలి. ఇవి పైన చెప్పినవాటికి తోడుగా తప్ప బదులుగా వద్దు.

| | తిండి, నాలుక తగలకుండా | మొదటి రోజు రక్తస్రావానికి | ముందు ఏర్పాటు | దేని నుంచి |
|---|---|---|---|---|
| అంగిలి ప్లేటు | బాగా కాపాడుతుంది | ఒత్తిడి వల్ల మేలు | అచ్చు తప్పనిసరి | ప్లాస్టిక్ |
| వైద్య జిగురు | ఊడేవరకు బాగానే | మేలు, గాయం పొడిగా ఉంటేనే | అక్కరలేదు | రసాయనం |
| పీఆర్‌ఎఫ్ | కొంతవరకే | మేలు | యంత్రం ఉన్న క్లినిక్ కావాలి | మన రక్తం |
| కరిగే స్పాంజి | రెండు మూడు రోజులు | చాలా మేలు | అక్కరలేదు | జంతువు లేదా మొక్క |
| ప్యాక్ | నిలిస్తే సరే | కొంత | అక్కరలేదు | పేస్టు |

## ఎవరికి ఏది నప్పుతుంది?

తెరిచిన గాయం ఉండబోయే మామూలు ఆరోగ్యవంతులకు నా సలహా ఒకటే: కింద కరిగే స్పాంజి, దాని మీద ప్లేటు. రక్తం ఆపే పని స్పాంజిది, కాపలా పని ప్లేటుది. క్లినిక్కులో యంత్రం ఉండి, ఖర్చు భరించగలిగితే స్పాంజి బదులు పీఆర్‌ఎఫ్ పెట్టించుకోండి. ప్లేటును మాత్రం వదులుకోకండి. తలుపులా తెరిచి మూసే పద్ధతి అయితే కుట్లే చాలావరకు సరిపోతాయి, ప్లేటు ఉంటే హాయి, లేకపోయినా గడిచిపోతుంది.

గుండె జబ్బుకు ఆస్పిరిన్ గానీ, రక్తం గడ్డకట్టకుండా వేరే మందు గానీ వాడేవారు దాన్ని సొంతంగా ఆపవద్దు. ఆపాలో వద్దో గుండె డాక్టరూ పళ్ల డాక్టరూ మాట్లాడుకుని చెప్పాలి. వీరికి ప్లేటు సౌకర్యం కాదు, అవసరం. ఆసుపత్రికి రెండు మూడు గంటల దూరంలో ఉన్న పల్లెలవారికీ ఇదే వర్తిస్తుంది.

అచ్చు తీసేటప్పుడే వాంతి వచ్చేంత వికారం కలిగేవారున్నారు. వీరికి జిగురు మేలు, లేదా పీఆర్‌ఎఫ్. పాఠాలు చెప్పేవారు, ఫోనులో మాట్లాడే ఉద్యోగాలవారు ప్లేటుకు భయపడి జిగురు వైపు మొగ్గుతారు. రెండు రోజులు సెలవు దొరికితే ప్లేటే నయం, ఎందుకంటే ప్లేటు లేకుండా రోజంతా మాట్లాడితే నాలుక ఆ గాయాన్ని ఒరుసుకుంటూనే ఉంటుంది.

సిగరెట్, చుట్ట, గుట్కా, ఖైనీ మానలేనివారికి పైన చెప్పినవేవీ పూర్తి ఫలితం ఇవ్వవు. చక్కెర అదుపులో లేనివారి సంగతీ అంతే. వీరు డబ్బు ప్లేటు మీద పెట్టేముందు ఆపరేషన్‌ను కొన్ని వారాలు వాయిదా వేసుకుని అటు దృష్టి పెట్టడం మంచిది.

ఖర్చు చూసుకునేవారికి ఒక మాట. హైదరాబాద్, విజయవాడల్లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలల్లో చిగుళ్ల వ్యాధులకు ప్రత్యేక విభాగాలున్నాయి. అచ్చు తీసి ప్లేటు చేయడం దంత వైద్య కళాశాలల్లో రోజువారీ పని. అడిగితే చేసిపెట్టే అవకాశం ఎక్కువ. కాకపోతే రెండు మూడుసార్లు తిరిగే ఓపిక ఉండాలి.

## ఏది ఎంచుకున్నా తప్పనివి

మొదటి రోజు వేడివేడిగా ఏదీ వద్దు, కాఫీ కూడా చల్లార్చుకునే తాగాలి. స్ట్రాతో పీల్చకూడదు, గట్టిగా పుక్కిలించి ఉమ్మకూడదు. పీల్చినా ఉమ్మినా గడ్డ లేచిపోతుంది. నోట్లో నీళ్లు పోసుకుని తల వంచి కారిపోనివ్వడమే. డాక్టరు క్లోర్‌హెక్సిడిన్ అనే, నోటిలోని క్రిములను చంపే ద్రావణం రాస్తే రోజుకు రెండుసార్లు అలాగే వాడాలి. పేస్టుతో తోముకోవడానికీ దానికీ అరగంట ఎడం ఉంచండి. రెండు వారాలు వాడితే పళ్లకు గోధుమరంగు మరక పడుతుంది, రుచి కూడా కొంచెం తప్పుతుంది. రెండూ పోయేవే.

పెరుగన్నం, చల్లారిన రాగి జావ, కారం లేని ముద్దపప్పు కలిపి మెత్తగా పిసికిన అన్నం, అరటిపండు, పాలలో నానిన ఇడ్లీతో మొదటి వారం సుఖంగానే గడుస్తుంది. చింతపండు చారు, నిమ్మకాయ, ఆవకాయ మండిస్తాయి. అప్పడం, జంతికలు, దోసె అంచు గుచ్చుకుంటాయి. ప్లేటు ఉంది కదా అని నేను ఐదో రోజు దోసెకు తెగించాను. ప్లేటు ఆపింది, కానీ విరిగిన ముక్క ఒకటి ప్లేటు అంచు కిందికి దూరింది. అది బయటికి వచ్చేదాకా నా ప్రాణం అక్కడే ఉంది.

పసుపు, లవంగ నూనె, వెల్లుల్లి గాయం మీద పెట్టవద్దు. లవంగ నూనె పంటి నొప్పికి హాయిగా ఉండవచ్చు గానీ, పచ్చిమాంసాన్ని కాలుస్తుంది. పసుపు పొడి గాయంలో పేరుకుంటే తీయడం కష్టం. నొప్పికి పారాసిటమాల్ గానీ ఐబుప్రొఫెన్ గానీ డాక్టరు రాసిన మోతాదులోనే వేసుకోండి. కడుపులో పుండ్లు, మూత్రపిండాల జబ్బు, ఉబ్బసం ఉన్నవారు రెండోదాన్ని అడగకుండా వాడకూడదు.

రెండు మూడు రోజులయ్యాక గాయం మీద తెల్లగా, పసుపుగా పొర కనిపిస్తుంది. అద్దంలో చూసి చీము అనుకుని గీకేవారున్నారు. అది చీము కాదు, దాని కిందే కొత్త పొర పాకుతూ ఉంటుంది. దాన్ని ముట్టుకోకండి. చీము అయితే దానితోపాటు నొప్పి రోజురోజుకూ పెరుగుతుంది, వాపు, జ్వరం, దుర్వాసన ఉంటాయి. అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆ చోట కొన్నాళ్లు తిమ్మిరిగా ఉండటం మామూలే.

రక్తం కారే ప్రమాదం మొదటి రోజుతో పోదు, వారం దాకా ఉంటుంది. లాలాజలంలో ఎర్రటి చారలు కనిపిస్తే భయపడనక్కరలేదు. ధారగా కారితే లేచి కూర్చోండి. తడిపిన శుభ్రమైన గాజుగుడ్డ మడత పెట్టి వేలితో అంగిలి మీద గట్టిగా నొక్కి పదిహేను, ఇరవై నిమిషాలు గడియారం చూసి పట్టుకోండి. మధ్యమధ్య తీసి చూడకూడదు. గుడ్డ లేకపోతే తడిపిన నల్ల టీ పొట్లం చల్లార్చి వాడవచ్చు, అందులోని టానిన్లు రక్తం ఆగడానికి తోడ్పడతాయి. ప్లేటు ఉంటే దాన్ని పెట్టి పైనుంచి నొక్కడం ఇంకా సులువు. ఇలా రెండు విడతలు నొక్కినా ఆగకపోతే తెల్లవారేదాకా ఆగవద్దు. రాత్రిపూట ఎత్తే ఫోను నంబరు ఏదో ఆపరేషన్ రోజు క్లినిక్కు నుంచి బయటికి వచ్చేముందే అడిగి రాయించుకోండి.